తుపాకీ ముట్టని ఇల్లాలు రాత్రిపూట ఇంటిని ఎలా కాచుకోవాలి

మా ఆయన పదిహేడేళ్లు ఆర్మీలో చేసి రిటైరయ్యారు. ఇప్పుడు గన్‌మేన్‌గా రాత్రి డ్యూటీ చేస్తున్నారు. ఆయన పేరున లైసెన్సున్న డబుల్ బ్యారెల్ తుపాకీ మా ఇంట్లో ఉంది. కొత్తలో ఆయన ఒకటే పోరు. "నేను లేనప్పుడు ఎవడైనా వస్తే ఏం చేస్తావు? ఒక్కసారి పట్టుకో, నేర్పిస్తాను" అనేవారు. "నా వల్ల కాదండీ, అది బీరువాలో ఉందంటేనే నాకు నిద్ర పట్టదు" అనేదాన్ని. రెండేళ్లు ఇదే వాదన. చివరికి ఒకరోజు టీ తాగుతూ నేనే అడిగాను, మీరు డ్యూటీకి వెళ్తే అది ఎక్కడుంటుందని. ఆయన భుజానే ఉంటుంది కదా! దొంగ వచ్చే వేళకి ఇంట్లో ఉండేది నేనూ, ఇద్దరు పిల్లలూ, మా అత్తగారూ. తుపాకీ ఆయనతోపాటు డ్యూటీలో ఉంటుంది. ఆయన నవ్వేసి, "అయితే నీకు కావలసింది నువ్వే చెప్పు, చేయిద్దాం" అన్నారు.

అక్కణ్ణించి మేం చేసుకున్నవి, చేసి తప్పని తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. ఊరి పొలిమేర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. గుణుపురం, రాయగడ, ఇచ్ఛాపురం వైపు ఉన్నవాళ్లకూ ఇళ్లు, వీధులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి పనికొస్తుంది.

ముందు భార్యాభర్తలు ఒక మాట అనుకోండి

మగవాళ్లకు ఒక మాట. మీ ఆవిడ తుపాకీ వద్దంటే అది పిరికితనం అనుకోకండి. చట్టం ప్రకారం కూడా అది ఆమెది కాదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్లదే ఆయుధం. భర్త లైసెన్సు భార్యకు వర్తించదు. ఇంట్లో ఉన్నప్పుడు తుపాకీ ఖాళీ చేసి బీరువాలో తాళం వేసి ఉండాలి, తూటాలు వేరే చోట ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఇందులో రాజీ లేదు. అలా దాచిన తుపాకీ అర్ధరాత్రి నిద్రలో లేచినవాళ్లకు ఎంత అక్కరకొస్తుందో మీరే ఆలోచించండి.

ఆడవాళ్లకు ఒక మాట. దొంగతో కలబడి గెలవాలనే ఆలోచన వదిలేయండి. దొంగకు కావలసినవి చీకటి, చప్పుడు లేకపోవడం, నాలుగు నిమిషాల తీరిక. ఈ మూడూ వాడికి దొరక్కుండా చేస్తే చాలు, మిగతా పని వీధి చూసుకుంటుంది. కింద చెప్పేవన్నీ వాణ్ని ఆలస్యం చేయడానికీ, జనాన్ని బేగి రప్పించడానికీ.

ఒక రాత్రి మీరే దొంగ అవ్వండి

ఖర్చు లేని పని ఇది, అందుకే ముందు చేయండి. రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో వాళ్లను లోపల గడియ వేసుకోమని చెప్పి, మీరిద్దరూ బయట నిలబడండి. ఇంటి చుట్టూ తిరగండి. ఎక్కడ చీకటిగా ఉంది? ఏ గోడ మీద కాలు పెట్టొచ్చు? ఏ కిటికీలోంచి చెయ్యి దూరుతుంది?

మాది పాతకాలపు వరస ఇల్లు. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడుగు ఎక్కువ, చివర పెరడు, పెరటి వెనక ఇంకో సందు. వీధి తలుపు టేకుది, ఏనుగు వచ్చినా కదలదు. పెరటి తలుపు మాత్రం ఎప్పుడో మిగిలిన చెక్కలతో చేయించింది. మా ఆయన భుజంతో ఒక్క తోపు తోశారు. బోల్టు ఊడి, స్క్రూలు నేల మీద పడ్డాయి. పదేళ్లుగా ఆ తలుపు వేసుకునే ధైర్యంగా పడుకున్నాం!

వరస ఇళ్లలో ఇంకో సంగతి చూడండి. చాలామందికి బాత్రూమ్ పెరట్లో ఉంటుంది. రాత్రి లేచి వెళ్లేటప్పుడు తలుపు తెరిచి, తిరిగొచ్చేదాకా అలాగే వదిలేస్తాం. దొంగ గోడ దూకి కాచుకుని ఉండేది ఈ తలుపు కోసమే. పెరటి లైటు స్విచ్ లోపలి గోడకు పెట్టించండి. ముందు లైటు వేసి, కిటికీలోంచి ఒకసారి చూసి, అప్పుడు గడియ తియ్యండి. బయటికెళ్తూ బయట గొళ్లెం పెట్టండి. మా అత్తగారికి ఈ అలవాటు చేయించడానికి నాకు నెల పట్టింది.

తలుపు

ఉన్న డబ్బు ముందు తలుపు మీద ఖర్చు పెట్టండి. కెమెరా తర్వాత.

బజారులో కొనే టవర్ బోల్టుతో పాటు అరంగుళం స్క్రూలు ఇస్తారు. వాటినే బిగించి వడ్రంగి వెళ్లిపోతాడు. అవి పారేసి రెండంగుళాల స్క్రూలు వేయించండి. బోల్టు దూరే కన్నం చుట్టూ ద్వారబంధానికి ఇనుప పట్టీ వేయించండి, ఎందుకంటే తన్నినప్పుడు బోల్టు విరగదు, చెక్క చీలుతుంది. బోల్టు ఒకటి పైన, ఒకటి కింద ఉండాలి. మధ్యలో ఒకటే ఉంటే కింద మూల తోసి సందు చేస్తారు.

వీటన్నిటికంటే నాకు నమ్మకం అడ్డకర్ర మీద. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, రెండు వైపులా గోడకు ఇనుప కొక్కేలు దింపించి, వాటి మీద అడ్డంగా గట్టి కర్ర గానీ ఇనుప పైపు గానీ పెట్టడం. మా తాతల కాలం ఇళ్లన్నిటికీ ఇది ఉండేది, మనం ఫ్యాషన్ కోసం తీసేశాం. పెరటి తలుపు బయటికి తెరుచుకునేదైతే బందులు బయటకు కనిపిస్తాయి, వాటి పిన్ను కొట్టేస్తే తలుపు మొత్తం ఊడి చేతికొస్తుంది. వెల్డింగ్ అతన్ని పిలిచి పిన్ను చివర ఒక చుక్క పెట్టించండి.

కిటికీల సంగతి చిన్నదే. ఊచలు చెక్క ఫ్రేములో ఊరికే గుచ్చి ఉంటే లోపలి నుంచి గ్రిల్ వేయించండి. తాళాల గుత్తి, ఫోన్, పర్సు కిటికీకి చెయ్యి చాపితే అందే దూరంలో ఉంచకండి. పొడుగాటి కర్రకు కొక్కెం కట్టి లాగేసే దొంగలున్నారు. ఎండాకాలం అందరూ మేడ మీద పడుకుంటే కింద ఇల్లంతా తాళం వేసి, తాళం చెవి కొంగున కట్టుకోండి. పెంకుటిల్లయితే పెంకులు తీసి దిగుతారు, కాబట్టి పడుకునే గదికైనా లోపల సీలింగ్ ఉంటే మంచిది.

చప్పుడు, వెలుతురు

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా ప్రాంతం మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అందుకే కరెంటు లేకపోయినా పనిచేసేవాటినే ముందు చెబుతాను.

ఒక విజిల్, ఒక స్టీలు పళ్లెం, ఒక గరిటె. నవ్వకండి. అర్ధరాత్రి పళ్లెం మీద గరిటెతో ఆపకుండా కొడితే ఆ చప్పుడు నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది, మన గొంతు అంత దూరం పోదు. పైగా భయంతో గొంతు పెగలదు కూడా. మా వీధిలో ఏడిళ్లవాళ్లం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం: రాత్రి పదకొండు దాటాక పళ్లెం మోగితే ప్రతి ఇంట్లోనూ లైట్లు వెయ్యాలి, అందరూ పళ్లేలు కొట్టాలి, మగవాళ్లు ఒక్కొక్కరుగా కాకుండా గుంపుగా బయటికి రావాలి. ఒక్కడే పరుగెత్తుకొచ్చే వీరుడు మాకు వద్దు.

వాట్సాప్ గ్రూపును నమ్ముకోకండి. రాత్రి అందరి ఫోన్లూ సైలెంట్‌లో ఉంటాయి. పక్కింటివాళ్ల నంబరు మీ ఫోన్లో, మీ నంబరు వాళ్ల ఫోన్లో, సైలెంట్‌లో ఉన్నా మోగేలా సెట్టింగ్ పెట్టుకోండి. పిల్లలకు చెబితే రెండు నిమిషాల్లో పెట్టేస్తారు.

అరిచేటప్పుడు భాష కూడా ముఖ్యమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు కలిసింది గానీ, వీధిలో ఇప్పటికీ తెలుగు, ఒడియా రెండు భాషలూ నడుస్తాయి. "దొంగ, దొంగ" అంటే పక్కింటి పిన్ని లేస్తుంది. ఎదురింటి మావుసీ లేవాలంటే "చోరొ, చోరొ" అనాలి. మా పిల్లలకు రెండూ అలవాటు చేశాను. మహారాష్ట్రలోని సిరోంచ, కిన్వట్ వైపు ఉన్నవాళ్లు మరాఠీలో "చోర్" అనడం నేర్పండి.

ఇక కరెంటుతో పనిచేసేవి. మనిషి కదిలితే వెలిగే సెన్సార్ లైటు పెరట్లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి. కరెంటు పోయినా వెలిగే బ్యాటరీ బల్బు పడక గదిలో ఒకటి. తలుపు తెరుచుకుంటే కీచుమనే చిన్న అయస్కాంతపు అలారం ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది, పెరటి తలుపుకి పెట్టండి. కెమెరా దొంగను ఆపదు, తర్వాత చూసి బాధపడటానికీ పోలీసులకు ఇవ్వడానికీ పనికొస్తుంది. మిగతావన్నీ అయ్యాక డబ్బుంటే పెట్టుకోండి.

కుక్క సంగతి అడుగుతారని తెలుసు. ఖరీదైన జాతి కుక్క అక్కర్లేదు. వీధి కుక్కకు రోజూ పెరటి గుమ్మం దగ్గర ఇంత అన్నం పెట్టండి, రేబీస్ టీకా వేయించండి, అది మీ ఇల్లు తనదే అనుకుంటుంది. మా రాజుగాడు కరవడు గానీ మొరుగుడుకు మాత్రం లోటు చేయడు.

లోపలి గది

ఎంత చేసినా ఎవడో లోపలికి వచ్చేశాడనుకోండి. అప్పుడు ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసి ఉండాలి. ఇంట్లో అందరూ పట్టే ఒక గదిని ఎంచుకోండి. దాని తలుపుకి లోపల రెండు బోల్టులు, కిటికీ వీధి వైపు ఉంటే మరీ మంచిది. అందులో ఎప్పుడూ ఉండవలసినవి: టార్చి, విజిల్, ఛార్జరు, నీళ్ల సీసా, పెద్దవాళ్ల మందులు, వీధి తలుపు డూప్లికేట్ తాళం చెవి. తాళం ఎందుకంటే, సాయం వచ్చినప్పుడు మీరు గది దాటి బయటికి రాకుండా కిటికీలోంచి విసరొచ్చు. మందపాటి మట్టిగోడల ఇళ్లలో సిగ్నల్ అందదు, కాబట్టి ఆ గదిలోంచి ఫోన్ వెళ్తుందో లేదో పగలే చూసుకోండి. మాకు ఒక కంపెనీ సిమ్ పనిచేయలేదు, పాత బటన్ ఫోన్లో వేరే సిమ్ వేసి అక్కడ పెట్టాం.

పిల్లలు వేరే గదిలో పడుకుంటే ముందు వాళ్లను తీసుకురావడం ఎవరి పనో ఇప్పుడే తేల్చుకోండి. నగలు తియ్యడానికి బీరువా దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. వాడు ఎదురుపడి అడిగితే మెళ్లోది తీసి ఇచ్చెయ్యండి. మా అమ్మ దగ్గరుంటే "పుస్తెలతాడా!" అని నా మీద కేకలేసేది గానీ, నేనైతే ఇచ్చేస్తాను.

ఫోన్

112. పోలీసు, ఫైర్, అంబులెన్సు అన్నిటికీ ఇదే. మాలాంటి సరిహద్దు ఊళ్లలో ఫోన్ అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటే కాల్ అటు పోయే అవకాశం ఉంది. అందుకని ఎత్తగానే దొంగ సంగతి చెప్పకండి. ముందు రాష్ట్రం, జిల్లా, ఊరు, వీధి, గుడో బడో ఒక గుర్తు చెప్పండి. ఆ తర్వాత "ఇంట్లోకి మనిషి వచ్చాడు, మేం నలుగురం గదిలో ఉన్నాం" అనండి. ఫోన్ పెట్టెయ్యకండి. మీ పోలీసు స్టేషన్ నంబరు కూడా కాగితం మీద రాసి గది గోడకు అంటించండి.

బటన్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్తుంది. స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ గబగబా మూడుసార్లు, కొన్నింటిలో ఐదుసార్లు నొక్కాలి. మీ ఫోన్లో ఏదో సెట్టింగ్స్‌లో చూసుకోండి.

అవతలి రాష్ట్రంలో దారిలో ఏదైనా జరిగి, ఇంటికొచ్చాక ఫిర్యాదు ఇవ్వాలంటే "ఇది మా పరిధి కాదు" అని పంపేయడానికి లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.

ఇంకో సంగతి, మొహమాటం లేకుండా చెబుతున్నాను. భయం బయటివాడి వల్ల కాకుండా, తుపాకీ ఉన్న మనిషి వల్లే అయితే ఈ బోల్టులేవీ పనికిరావు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చెయ్యండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు తెచ్చుకోవచ్చు.

చేతిలో ఏముండాలి

మా అత్తగారు ముందు తేల్చేసింది: "ఇంట్లో గుంటూరు కారం ఉండగా ఇంకేం కావాలే!" దిండు కింద పొట్లం పెట్టుకుని పడుకునేది. ఒకరోజు ఎలా విసరాలో పెరట్లో చూపించింది. గాలి ఎదురు కొట్టింది. రెండు గంటలు కుళాయి కింద కూర్చోబెట్టి కళ్లు కడిగాం. పొడి కారం చెమ్మకు ముద్ద కడుతుంది, విసిరితే సగం మన మీదికే వస్తుంది. ఆ ఆలోచన మానుకోండి.

పెప్పర్ స్ప్రే మిరపకాయల్లోంచి తీసిన ఘాటుతోనే చేస్తారు గానీ, అది గురి చూసి కొట్టగలిగేలా ఉంటుంది. మన దేశంలో దానికి లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు పొగలాగా వ్యాపించేది కాకుండా, ధారగానో జెల్‌గానో పడేది తీసుకోండి. మూసి ఉన్న గదిలో పొగలాంటిది కొడితే దొంగతోపాటు మీ పిల్లలూ దగ్గుతారు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. కొన్న రోజే ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి ఒక్కసారి నొక్కి చూడండి. మూత ఎటు తిరుగుతుందో చీకట్లో చేతికి తెలియాలి. దూరం ఆరేడు అడుగులకు మించి ఆశించకండి. మొహానికి కొట్టి, వెంటనే వెనక్కి తగ్గి తలుపు వేసుకోవాలి. ఎలా ఉన్నాడో చూద్దామని నిలబడకూడదు. మనకు తగిలితే రుద్దకుండా చల్లటి నీళ్లతో కడుక్కోవాలి. పొయ్యి దగ్గరా, ఎండలో నిలిపిన కారులో ఉంచకండి, పిల్లలకు అందనివ్వకండి. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది.

ఇక కర్ర. మన వైపు కర్రసాము తెలిసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల కర్ర మనిషెత్తు ఉంటుంది. ఇంట్లో అది పనికిరాదు. ఎత్తితే ఫ్యాను, తిప్పితే ద్వారబంధం. మూడడుగుల గట్టి వెదురు చాలు, గది తలుపు వెనక ఉండాలి. మా ఆయన నేర్పింది ఇదొక్కటే: కర్రను రెండు చేతులా పట్టుకుని ముందుకు పొడవడం, ఊపి కొట్టకపోవడం. తలుపు సందులోంచి తోసుకొస్తున్నవాడి పొట్టనో తొడనో పొడిచి, వాడు వెనక్కి తగ్గగానే తలుపు వెయ్యడం. తల మీద కొట్టకండి. కొబ్బరి మట్టకు గోనెసంచి చుట్టి ఇద్దరం నెల రోజులు సాధన చేశాం. పక్కింటివాళ్లు మేం పోట్లాడుకుంటున్నామనుకున్నారు.

టార్చి కూడా ఆయుధమే. చీకట్లో కళ్లల్లోకి గట్టి వెలుగు పడితే వాడికి కాసేపు ఏమీ కనిపించదు.

వద్దన్నవి కూడా రాసుకోండి. కత్తి, కత్తిపీట వద్దు, లాక్కుంటే మన మీదే వాడతారు. బొమ్మ తుపాకీ, ఎయిర్‌గన్ చూపించి బెదిరించడం వద్దు, వాడి దగ్గర నిజమైనది ఉంటే ముందు వాడే కాలుస్తాడు. యాసిడ్ మాట ఎత్తకండి. గ్రిల్‌కో గోడ మీది తీగకో కరెంటు పెట్టడం అసలే వద్దు. అడవి పందుల కోసం పొలాల్లో పెట్టిన కరెంటు తీగలకు మనుషులూ ఏనుగులూ చచ్చిపోవడం మన వైపు కొత్త కాదు. దొంగ చచ్చినా, పాలబ్బాయి చచ్చినా జైలుకెళ్లేది మనమే.

చట్టం ఎంతవరకు వస్తుంది

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. మన ప్రాణాన్నీ ఆస్తినీ, ఇంకొకరి ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడుకునే హక్కు మనకుంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయంలోపు ఇల్లు పగలగొట్టి వచ్చేవాడి విషయంలో చట్టం ఇంకా ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది. అయినా కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదని 37లో స్పష్టంగా ఉంది.

మన వీధుల్లో తప్పు జరిగేది ఇక్కడే. పారిపోతున్నవాణ్ని సందు చివరిదాకా తరిమి కొడితే అది ఆత్మరక్షణ కాదు. పట్టుబడ్డవాణ్ని కరెంటు స్తంభానికి కట్టి కొడితే కేసు కొట్టినవాళ్ల మీద పడుతుంది. దొంగను పట్టుకునే అధికారం మామూలు మనుషులకూ ఉంది గానీ, ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. మా ఏడిళ్ల ఒప్పందంలో ఈ మాట కూడా చేర్చాం, కుర్రాళ్లకు ఉత్సాహం ఎక్కువ కాబట్టి.

పగటి దొంగలు

రాత్రికి ఇంత సిద్ధమై, పగలు తలుపు బార్లా తెరిచి కూర్చుంటాం. గ్యాస్ చెకింగ్ అనీ, మీటర్ చూడాలనీ, బంగారానికి మెరుగు పెడతామనీ వస్తారు. గ్రిల్ తలుపు మీద గొలుసు తీయకుండా మాట్లాడండి. కార్డు చూపించమనండి. నీళ్లడిగితే గ్రిల్ సందులోంచి చెంబు అందించండి. "మా వారు లోపల నిద్రపోతున్నారు, లేపమంటారా?" అన్న మాట నేను చాలాసార్లు వాడాను. ఆయన ఆ సమయానికి నిజంగానే నిద్రపోతూ ఉంటారు, రాత్రి డ్యూటీ కదా.

సాధన

మూడు నెలలకోసారి ఒక ఆదివారం రాత్రి లైట్లన్నీ తీసేసి చేసి చూస్తాం. మా ఆయన పెరటి తలుపు తడతారు. నేను పిల్లల్ని తెస్తాను, పెద్దబ్బాయి అత్తగారి చెయ్యి పట్టుకుంటాడు, గదిలోకి వెళ్లి రెండు బోల్టులూ వేస్తాం, చిన్నది 112కి చెప్పవలసిన మాటలు ఫోన్ లేకుండా అప్పజెబుతుంది. మొదటిసారి మూడు నిమిషాలు పట్టింది. అత్తగారు చెప్పుల కోసం వెతికారు. ఇప్పుడు నలభై సెకన్లు. మొన్న చేసినప్పుడు ఆవిడ గదిలోకి వచ్చాక కొంగు విప్పి చూపించింది. అందులో కారం పొట్లం ఉంది.